ఇంజన్ నడుస్తుండగానే చూడాలి

మధ్యాహ్నం పన్నెండున్నరకు ఎర్రగుంట్ల స్టేషన్‌లో దిగాను. మే నెల. గాలి లేదు. చెట్ల ఆకులు సిమెంటు దుమ్ముతో బూడిద రంగుకు తిరిగాయి. భుజాన పాత మిలిటరీ బ్యాగు. అందులో రెండు జతల బట్టలు, స్పానర్ల సెట్టు, టార్చి, పోగులు రాలని తెల్లగుడ్డ ఒకటి. అక్క ఫోన్‌లో ఇచ్చిన ఆర్డరు చిన్నదే.

"రేయ్ మస్తానూ, మీ బావ కారు సరిగ్గా లాగడం లే. ఆయప్ప ఎవుర్నీ ముట్టుకోనీడు. నువ్వొచ్చి చూడు."

మాది కోసిగి. ఆర్మీ వర్క్‌షాపుల్లో బండ్ల మెకానిక్‌గా పనిచేసి, హవల్దారుగా రిటైరై ఇంటికొచ్చాను. ఊళ్లో అందరూ బార్డరు గురించే అడుగుతారు. మంచులో డీజిల్ గడ్డకట్టిన సంగతి చెప్తాను, బంకరు సంగతి చెప్తాను. వాళ్లకు అవే కావాలి. కానీ నా ఓపికను పిండి ఆరేసిన డ్యూటీ రిటైరయ్యాక పడింది. ఎర్రగుంట్లలో, మా అక్క ఇంటి ముందు. అక్కడ కమాండరు మా బావ ఖాజా.

బావ స్టేషన్ బయట కారులోనే కూర్చుని ఉన్నాడు. దిగలేదు. దిగడం ఆయనకు పెద్ద పని. ముప్పయ్యేళ్లు సిమెంటు లారీ తోలిన మనిషి. మూడేళ్ల కిందట పక్షవాతం వచ్చింది. మాట బాగుపడింది, చెయ్యి బాగుపడింది, ఎడమ కాలు పడిపోయింది. కర్ర ఊతంతో ఈడ్చుకుంటూ నడుస్తాడు. క్లచ్ తొక్కలేని డ్రైవరుకు లారీ ఎవరిస్తారు? ఏడాది పాటు మంచంలో గోడ వైపు తిరిగి పడుకున్నాడు. అప్పుడు హైదరాబాదులో ఒక డాక్టరు పాత ఆటోమేటిక్ కారు అమ్ముతున్నాడని తెలిసింది. ఇరవయ్యేళ్ల బండి. దానికి క్లచ్ ఉండదు, గేర్లు వాటంతట అవే మారతాయి. కుడికాలు ఒక్కటుంటే చాలు. బావ లేచి కూర్చున్నాడు. అప్పట్నుంచి ఊళ్లో వాళ్లను మహానందికి తీసుకెళ్లి తీసుకొస్తున్నాడు.

"ఎక్కప్పా మిలిట్రీ" అన్నాడు.

ఎక్కాను. బావ గేరు రాడ్‌ను 'డి'లోకి, అంటే ముందుకు పోయే గడిలోకి లాగాడు. కారు కదల్లేదు. రెండు క్షణాలు ఆలోచించుకుంది. తర్వాత వెనక నుంచి ఎవరో తన్నినట్టు ఒక్క గుంజు గుంజింది. గుడిసెల దగ్గర చిన్న ఎత్తు వచ్చేసరికి ఇంజన్ అరిచింది, చక్రాలు మాత్రం తీరిగ్గా తిరిగాయి. నాకు రోగం సగం అక్కడే అర్థమైంది. గేర్‌బాక్స్‌లో నూనె తక్కువైంది.

"బావా, గేర్‌బాక్స్ ఆయిల్ ఎప్పుడు చూసినావు?"

"పొద్దున."

"ఈ పొద్దున్నా?"

"రోజూ పొద్దున. నన్నడుగుతాండావా నువ్వు?"

ఇంట్లో అక్క అన్నం వడ్డిస్తూ పరిస్థితి వివరించింది. సోమవారం మహానందికి పార్టీ ఉంది. ఊళ్లోని ముగ్గురు ఆడవాళ్లు, అందరూ పెద్దవాళ్లు. బావ మాటిచ్చాడు. ఈ గేర్‌బాక్స్ పోతే విప్పి బాగుచేసేవాడు ఈ చుట్టుపక్కల లేడు. ఇంకో బండి కొనే తాహతు లేదు.

బావ బయట బీడీ తాగుతున్నాడు. అక్క గొంతు తగ్గించింది. "ఆ కారు నిలబడిపోతే ఈ మనిషి మళ్లా మంచం పడతాడు రా. ఇంకోసారి లేపడం నా చేత కాదు."

నా మిషన్ అదీ. గేర్‌బాక్స్‌ను కాపాడాలి. అందరూ అనుకున్నట్టు అది మెకానిక్ పనైతే ఒక్క పూటలో ముగించి రైలెక్కేవాణ్ని.

మర్నాడు పొద్దున అయిదున్నరకు మిలిటరీలో లాగా ఫాలిన్, వరుసలో హాజరు. బావ నాకన్నా ముందే లేచి ముఖం కడుక్కుని, ఉతికిన లుంగీ కట్టుకుని కారు దగ్గర నిలబడ్డాడు. కర్రను బంపరుకు ఆనించాడు. "బిస్మిల్లా" అని బానెట్ ఎత్తాడు. ఇంజన్‌కు ఒక గేజు, గేర్‌బాక్స్‌కు ఇంకో గేజు. అంటే నూనెలో ముంచి మట్టం చూసే పొడవాటి కమ్మీలు. రెండోది లాగి, తుడిచి, మళ్లీ దింపి, లాగి నా ముక్కు కింద పెట్టాడు. నూనె పై గీత కంటే వేలెడు పైకి ఉంది.

"ఫుల్లు కంటే ఎక్కువే ఉండాది. కండ్లతో చూసినావు గదా? ఇంక నోరు మూసుకో."

ఇక్కడే అసలు తంటా. సిమెంటు లారీల వాళ్లకు ఒక నియమం ఉంది. ఇంజన్ నిద్రలేవక ముందే నూనె చూడాలి. రాత్రంతా నిలబడిన బండి, చల్లటి ఇంజన్, తాళం చెవి జేబులో. చూడకుండా స్టార్టు చేసిన క్లీనర్ను చెంప మీద కొట్టిన ఓనర్లు ఉన్నారు. ఇంజన్ ఆయిల్‌కు అది సరైన పద్ధతే. బావ సర్వీసంతా ఆ నియమం మీదే నడిచింది. ఆయన చేతిలో ఒక్క ఇంజన్ కూడా నూనె లేక బిగుసుకుపోలేదు. కానీ ఈ కారు గేర్‌బాక్స్ వేరే జాతి.

నేను శాంతంగానే మొదలుపెట్టాను. "బావా, ఇంజన్ ఆగినప్పుడు పైన తిరగాల్సిన నూనెంతా కింద తొట్టిలోకి దిగిపోతాది. అప్పుడు చూస్తే ఎక్కువే కనపడతాది. బండి బాగా తిరిగి వేడెక్కినాక, చదును నేల మీద, ఇంజన్ నడుస్తాండగానే చూడాల. అప్పుడు కనపడేదే నిజం."

బావ నా వైపు జాలిగా చూశాడు.

"బోరుబాయిలో నీళ్లెన్నుండాయో మోటరు ఆపి చూస్తారా, మోటరు నడిచేటప్పుడు చూస్తారా?"

ఒళ్లు మండింది. తప్పు మాటకు ఇంత చక్కటి సమాధానం దొరికితే ఎవరికి మండదు? వర్క్‌షాపులో అయితే కింది ర్యాంకువాడి మీద ఒక్క కేక వేసేవాణ్ని. ఇక్కడ ఆయన అక్క మొగుడు. ర్యాంకు ఆయనదే.

"ఒక్కసారి నన్ను చూడనీ బావా."

"ఇంజన్ నడుస్తాంటే బానెట్లో చెయ్యి పెట్టేటోన్ని నేను క్లీనరుగా కూడా పెట్టుకోను" అని బానెట్ దించేశాడు. తాళం చెవి మొలతాడుకు కట్టుకున్నాడు.

ఆ రోజు మధ్యాహ్నం ఎండకు నోరు పిడచగట్టుకుపోయింది. వంటింట్లోకి వెళ్లాను. అల్మారాలో కూల్‌డ్రింకు సీసాలో ఎర్రగా షర్బత్తు కనిపించింది. మూత తిప్పాను. అక్క పరిగెత్తుకుంటూ వచ్చి చేతిలోంచి లాక్కుంది.

"అది తాగేది కాదు రా! మీ బావ కారులోంచి తీసింది."

"ఏం తీసింది?"

"నూనె. ఎక్కువైతే లోపలి రబ్బరు సీళ్లు తన్నుకుపోతాయని సన్న పైపుతో పీకి తీస్తాడు. పారబొయ్యడానికి మనసొప్పక ఈడ పెట్టినాడు. పోయిన రంజాన్లో చిన్నత్త గ్లాసులో పోసింది కూడా, దేవుడు కాపాడినాడు."

సీసా వెలుతురుకు పట్టి చూశాను. పక్కన ఇంకో సీసా ఉంది, సగం వరకు. నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. మనిషి బద్ధకస్తుడైతే కారు బతికి ఉండేది. మా బావ రోజూ చూశాడు. రోజూ ఎక్కువ కనిపించింది. ఎక్కువైంది కాబట్టి భయపడి, వారానికోసారి కొంచెం కొంచెం తీసేశాడు. ఎంత శ్రద్ధగా చూస్తే గేర్‌బాక్స్ అంత ఎండిపోయింది. సీసాలు పట్టుకుని బయటికొచ్చాను.

"బావా, ఇదేంది?"

"ఎక్కువైంది."

"ఎక్కువ కాదు. ఇదే దాని ప్రాణం. దాని నెత్తురు పీకి సీసాలో పెట్టినావు."

"డాక్టరువా నువ్వు?"

అక్క గుమ్మంలో నిలబడి ఇద్దర్నీ తిట్టింది. ఆమె లెక్కలో మిలిటరీ మనిషి, లారీ మనిషి ఇద్దరూ ఒకటే.

శనివారం నేను కడపకు బస్సెక్కాను. ఎర్రగుంట్ల స్పేర్ పార్ట్స్ షాపుల్లో అడిగితే చిక్కటి గేర్ ఆయిల్ డబ్బా చూపించారు. "గేర్‌బాక్స్‌కు గేర్ ఆయిల్ గాక ఇంకేం పోస్తారప్పా?" అన్నాడు ఒకాయన. అది పోస్తే బండికి అక్కడే జనాజా నమాజు చదవాలి. ఆటోమేటిక్‌కు పోసేది పల్చటి ఎర్ర ఆయిల్. కడపలో మూడో షాపులో దొరికింది. డబ్బాలు బ్యాగులో పెట్టుకుని, కిటికీ ఇనుము కాలుతుంటే చెయ్యి లోపలికి ముడుచుకుని, సాయంత్రానికి తిరిగొచ్చాను. పోయడం సంగతి తర్వాత. ముందు ఒప్పించాలి కదా.

బావ గడప దగ్గర కూర్చుని ఉన్నాడు. ఆ రోజు ఎందుకో మెత్తబడ్డట్టు కనిపించాడు.

"నీ మాట తీసెయ్యడమెందుకని మధ్యాహ్నం ఇంకోసారి చూసినా లే" అన్నాడు.

నా గుండె కొంచెం కుదుటపడింది. "ఇంజన్ నడిపించే చూసినావా?"

"ఆపి చూసినా. పొద్దున కంటే ఇంకా పైకే ఉండాది. ఇంకో గ్లాసుడు తీసేసినా."

నేను బ్యాగు కింద పెట్టి, వీధి చివరి వరకు నడిచి వెనక్కొచ్చాను. మంచులో కాన్వాయ్ ఆగిపోయినప్పుడు కూడా అంత కోపం రాలేదు. అక్క మజ్జిగ ఇచ్చింది, తాగాను. ఆదివారమంతా ప్రయత్నించాను. ఇంటి ముందు పరిచిన నాపరాళ్లు కాలువ వైపు వాలుగా ఉన్నాయి కాబట్టి ఈద్గా మైదానం దాకా పోదామన్నాను. చదును చూడటానికి పళ్లెంలో నీళ్లు పోసి తీసుకెళ్దామన్నాను. "కారుకు పెండ్లి చూపులా?" అన్నాడు. తాళం చెవి మొలతాడుకే ఉంది.

సోమవారం ఆరు గంటలకు బయల్దేరాం. నేను ముందు సీట్లో, కాళ్ల దగ్గర ఎర్ర ఆయిల్ డబ్బాలు, తెల్లగుడ్డ. బావ డబ్బాల వైపు ఒకసారి చూసి గేరు వేశాడు. ముగ్గురు ఆడవాళ్లను మూడు వీధుల్లో ఎక్కించుకోవడానికి ముప్పావు గంట పట్టింది. ఒకామె టిఫిను డబ్బా మరిచిపోయిందని మళ్లీ వెనక్కి. అప్పటికే ఎండ చురుక్కుమంటోంది. కారు ప్రతి మలుపులో ఆలోచించుకుంటోంది. కింద నుంచి మాడు వాసన సన్నగా వస్తోంది.

ఊరు దాటాక రైలు పట్టాల మీద వంతెన ఉంది. రెండు వైపులా ఏటవాలు. మా వెనకే బస్తాలు నింపిన సిమెంటు లారీ. వంతెన సగానికి ఎక్కాం. ఇంజన్ గొంతు పెద్దదైంది. కారు నెమ్మదించింది. ఆగింది. బావ యాక్సిలరేటర్ తొక్కాడు. ఇంజన్ ఊరంతా వినపడేలా అరిచింది, చక్రాలకు మాత్రం సంబంధం తెగిపోయింది. కారు వెనక్కి జారడం మొదలైంది.

వెనక లారీ హారన్ ఆపకుండా మోగింది. వెనక సీట్లో ఆడవాళ్లు "నరసింహా" అని ఒకరు, "శివయ్యా" అని ఇద్దరు, ఒకేసారి కేక పెట్టారు. నేను "బ్రేకు, బ్రేకు" అని అరిచాను.

బావ బ్రేకు తొక్కలేదు. స్టీరింగ్ వదిలేశాడు. రెండు చేతులతోనూ ఎడమ మోకాలి దగ్గర లుంగీని, కాలినీ కలిపి పట్టుకున్నాడు. ఆ పడిపోయిన కాలిని పైకెత్తి, ముందుకు తెచ్చి, పాదాన్ని నేలకేసి అదిమాడు. అక్కడేమీ లేదు. ఉత్త మ్యాటు. లారీలో అయితే క్లచ్ ఉండే చోటు అది. పళ్లు బిగించి, రెండు చేతుల బలమూ మోకాలి మీద పెట్టి తొక్కుతున్నాడు.

నేను హ్యాండ్ బ్రేకు లాగాను. కారు నిలబడింది. లారీకీ మాకూ మధ్య ఒక మూర ఖాళీ మిగిలింది.

లారీ డ్రైవరు దూకి వచ్చి మా వెనక చక్రానికి రాయి పెట్టాడు. బావను చూసి తిట్టబోయిన మాట మింగేశాడు. "ఖాజన్నా, నువ్వా! ఏమైంది?" అన్నాడు. బావ చేతులు ఇంకా మోకాలి మీదే ఉన్నాయి. ఆడవాళ్లు దిగి నీడ లేని చోట నీడ కోసం వెతుక్కున్నారు. లారీ పక్కకు తీశాక, కారును మెల్లగా వెనక్కి జార్చి వంతెన కింద చదునుగా ఉన్న చోటికి తెచ్చాం. హ్యాండ్ బ్రేకు గట్టిగా లాగి, దిగి, బావ వైపు వచ్చి కిటికీలోంచి లోపలికి చూశాను.

బావ ముందుకే చూస్తూ లోపలి నుంచి బానెట్ లాకు లాగాడు. "ఇంజన్ ఆపల్యా" అన్నాడు. "నీ మాదిరే చూడప్పా."

బానెట్ ఎత్తాను. లోపల వేడి పొయ్యి ముందు కూర్చున్నట్టుంది. ఇంజన్ నడుస్తోంది.

"బ్రేకు తొక్కి పట్టుకో బావా. గేరు రాడ్‌ను ఒక్కో గడిలో ఆపుకుంటా మొత్తం తిప్పు. ఆర్!"

"ఆర్‌లో వేసినా."

"ఎన్!"

"ఎన్."

"డి!"

"డీలో ఉండాది."

"మళ్లా పి!"

"పీ. ఇంకేం చెయ్యాల?"

వైర్‌లెస్‌లో కూడా ఎవరూ నాకు అంత చక్కగా బదులివ్వలేదు. గేజు లాగి, తుడిచి, అడుగుదాకా దింపి, మళ్లీ లాగాను. కింది గీత దాకా కూడా తడి లేదు. చివర ఒక్క బొట్టు. తెల్లగుడ్డ మీద అద్దాను. ఎరుపు కొంచెం నల్లబడింది, మాడు వాసన ఉంది, కానీ ఇంకా ఎరుపే. గుడ్డ తీసుకెళ్లి కిటికీలోంచి బావకు చూపించాను. గేజు కూడా చూపించాను. ఆయన దాన్ని చాలాసేపు చూశాడు.

పేపరు గొట్టంలా చుట్టి, గేజు దిగే పైపులోకి కొంచెం కొంచెంగా పోశాను. పోయడం, గేర్లు తిప్పించడం, చూడటం. మళ్లీ పోయడం. వేడెక్కిన బండి కోసం గేజు మీద గీసిన రెండు గీతల మధ్యకు నూనె వచ్చేదాకా ఆపలేదు. ఆ తర్వాత బావ 'డి'లో వేయగానే కారు ఆలోచించకుండా కదిలింది. ఆడవాళ్లను ఎక్కించుకుని వంతెన ఒకే ఊపులో ఎక్కాం. దిగాక టిఫిను డబ్బా ఆమె "బాగుండాది గదా ఇప్పుడు" అంది. నేను గెలిచాను. గెలిచినట్టు మాత్రం అనిపించలేదు. దారంతా నా కళ్లు బావ ఎడమ కాలి మీదే ఉన్నాయి. అది మళ్లీ డోరు వైపు పక్కకు వాలిపోయి ఉంది.

మహానందిలో ఆడవాళ్లు కోనేటి స్నానాలకు వెళ్లారు. మేం పార్కింగులో ఉన్నాం. కొబ్బరికాయల బండ్లు, అరటిపండ్ల గెలలు, జనం. నేను రెండు టీలు తెచ్చాను. బావ గ్లాసు తీసుకున్నాడు, తాగలేదు. ఆయన ముఖంలో కోపం లేదు, సిగ్గు లేదు. రంజాన్ నెలవంక కనపడినవాడిలా ఉన్నాడు.

"మస్తానూ" అన్నాడు. అంతకుముందెప్పుడూ నన్ను పేరు పెట్టి పిలవలేదు. "వంతెన మీద నువ్వు చూసినావు గదా?"

"ఏం బావా?"

"నా కాలు. దానంతట అదే లేచింది. క్లచ్ తొక్కడానికి లేచింది. మూడేండ్ల నుంచి డాక్టర్లు చెప్పినవన్నీ చేసినా, బొటనవేలు కూడా కదలలే. ఈ పొద్దు అదే లేచి పోయి తొక్కింది. నేను పంపల్యా. నువ్వు పక్కనే ఉన్నావు గదా, చూసినావు గదా?"

మూడు రోజులుగా ఆ మనిషితో ఒకటే కొట్లాట. కండ్లతో చూసింది నిజం కాదు బావా, సరిగ్గా చూడు బావా అని. నోరు పడిపోయేలా చెప్పాను. ఇప్పుడు ఆయన నన్నే అడుగుతున్నాడు, నువ్వు చూసింది చెప్పమని.

"చూసినా బావా" అన్నాను. "లేచింది."

ఆయన తల ఊపాడు. టీ తాగాడు. అక్కకు ఇప్పుడే ఫోన్ చెయ్యొద్దని, ఇంటికి పోయాక తనే చెప్తానని అన్నాడు.

మర్నాడు కోసిగికి రైలెక్కాను. బావే స్టేషన్‌కు తెచ్చాడు. ముందు ఊరంతా ఒక చుట్టు తిప్పి బండిని వేడి చేశాడు. స్టేషన్ ముందు ఇంజన్ ఆపకుండా దిగి, కర్రను బంపరుకు ఆనించి, గేజు లాగి చూశాడు. ఆటోవాళ్లు "ఏమన్నా, బండి నడుస్తాంటే నూనె చూస్తాండావే" అని ఎగతాళి చేశారు. "ఈ బండికి ఇట్లనే చూడాల. తెలీకపోతే గమ్మునుండండి" అన్నాడు. నా పద్ధతి అప్పటికే ఆయన పద్ధతి అయిపోయింది. ఒళ్లు మండాల్సింది. మండలేదు.

కోసిగిలో ఇప్పటికీ మంచు గురించి అడుగుతారు, చెప్తాను. చెప్తుండగానే మధ్యలో మాట ఆగిపోతుంది. కళ్ల ముందు మంచు ఉండదు. వెనక్కి జారుతున్న కారులో మా బావ ఉంటాడు. స్టీరింగ్ వదిలేసి, లుంగీతో సహా ఆ కాలిని రెండు చేతులా ఎత్తి, ఏమీ లేని చోట పెట్టి, ప్రాణమంతా పెట్టి తొక్కుతూ ఉంటాడు.